వీల్‌చెయిర్ ఇచ్చాం సరే, దాని సామాను ఎవరి చేతికి అందుతోంది?



మన మొహల్లాల్లో ఖైర్ పనులకి కొదవ లేదు. ఎవరింట్లోనైనా అబ్బాకి పక్షవాతం వచ్చిందన్నా, దాదీ తుంటి ఎముక విరిగిందన్నా, సాయంత్రానికల్లా వీల్‌చెయిర్ వచ్చేస్తుంది. మస్జిద్ కమిటీ గదిలోంచి వస్తుంది, లేదా అది వాడి ఇంతెకాల్ అయిపోయిన ఒక బుజుర్గ్ ఇంటి నుంచి వస్తుంది. పెందుర్తిలో, ఇటు వేపగుంట, గోపాలపట్నం దాకా నాకు తెలిసిన ఇళ్లలో ఇలా చేతులు మారే కుర్చీల్ని చాలా చూశాను. ఇచ్చేవాళ్లందరికీ అల్లాహ్ అజ్ర్ ఇవ్వాలి.

కానీ ఆ కుర్చీల్ని ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. ఒకదానికి ఎడమ ఫుట్‌రెస్ట్ ఉండదు. ఇంకోదానికి చేతులు ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ ఒకవైపే ఉంటుంది. మూడోదాని కుషన్ ఎప్పుడో దీవాన్ మీదకి దిండుగా వెళ్లిపోయి ఉంటుంది. అడిగితే, "ఉండాలి భాయ్, ఎక్కడో పెట్టాం" అంటారు.

ఈ "ఎక్కడో" అనే మాట గురించే ఇవాళ రాస్తున్నాను. నా రాయ్ ఒక్కటే. వీల్‌చెయిర్ నుంచి ఊడే ప్రతి ముక్కకీ ఇంట్లో ఒక ఖాయమైన చోటు ఉండాలి. ఆ చోటు కుర్చీలో కూర్చునే మనిషి చేతికి అందాలి. ఇల్లు సర్దేవాళ్ల చేతికి అందితే సరిపోదు.

అసలు ఆ ముక్కల్ని ఊడదీయడం ఎందుకు, బిగించి ఉంచేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. బాగా చవక కుర్చీల్లో అలాగే బిగించేసి ఉంటాయి, వాటితో తక్లీఫ్ కూడా అంతే ఉంటుంది. మంచం మీంచి పక్కకి జరిగి కుర్చీలోకి రావాలంటే మధ్యలో ఆర్మ్‌రెస్ట్ అడ్డం ఉండకూడదు. అందుకే మీట నొక్కి పైకి లాగితే అది ఊడి వచ్చేలా చేస్తారు. ఫుట్‌రెస్ట్ కూడా అంతే. మీట నొక్కితే పక్కకి తిరుగుతుంది, కాస్త పైకెత్తితే చేతిలోకి వచ్చేస్తుంది. అది తీయకపోతే పాదాలు నేలకి ఆనించి లేవడం కుదరదు, కుర్చీ కమోడ్ దగ్గరికి చేరదు. కొన్ని కుర్చీలకి వెనక పెద్ద చక్రాలు కూడా ఇరుసు మధ్య బటన్ నొక్కితే ఊడతాయి. ఆటోలో, కారు డిక్కీలో పట్టాలి కదా. వెనక్కి పడిపోకుండా ఆపే చిన్న చక్రాలు, కాళ్లు వెనక్కి జారకుండా పిక్కల దగ్గర కట్టే పట్టీ, నడుం బెల్టు, కుషన్ కూడా ఈ లెక్కలోవే. ఇవి ఊడటం కుర్చీలో ఐబ్ కాదు. అందులో ఉన్న సహూలతే అది.

ఇప్పుడు లెక్క వేయండి. నమాజ్‌కి, గుసల్‌కి, భోజనానికి, పడకకి రోజుకి ఐదారు సార్లు కుర్చీ ఎక్కి దిగే మనిషికి ఫుట్‌రెస్ట్ పది పన్నెండు సార్లు తీయాలి, పెట్టాలి. ప్రతిసారీ అది ఎవరో ఒకరి చేతిలోంచి ఎక్కడో ఒకచోటికి వెళ్తుంది. చీపురు తగిలి మంచం కిందకి పోతుంది. మెహమాన్లు వస్తే అటక ఎక్కుతుంది. పిల్లలకి ఆట వస్తువు అవుతుంది. ఇల్లు మారితే పాత ఇంట్లో మిగిలిపోతుంది.

పోతే ఏమవుతుంది? ఫుట్‌రెస్ట్ లేని కుర్చీని ముందుకి తోస్తే పాదం నేలకి రాసుకుంటుంది. ముందు చిన్న చక్రం దగ్గర ఇరుక్కుంటుంది. మనిషి ముందుకి పడిపోవచ్చు, మడమ విరగొచ్చు. వెన్నుపూసకి దెబ్బ తగిలినవాళ్లకి, ఏళ్ల తరబడి షుగర్‌తో పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకి ఆ నొప్పి కూడా తెలీదు. రాత్రి కాళ్లు కడిగేటప్పుడు ఇంట్లోవాళ్లకి రక్తం కనిపిస్తుంది. కాళ్లకి ఆధారం లేకపోతే ఒళ్లు నెమ్మదిగా ముందుకి జారుతుంది, నడుం కింద ఎముక దగ్గర చర్మం రాపిడికి కమిలిపోతుంది. కుషన్ కూడా లేకపోతే అక్కడ పుండు పడుతుంది. షుగర్ ఉన్న ఒంట్లో ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. ఒక్క చిన్న ముక్క ఎక్కడ పెట్టామో గుర్తులేకపోవడం నుంచి ఇంతదూరం వస్తుంది.

ఇంకో ఖతరా షాదీఖానాల మెట్ల దగ్గర చూస్తుంటాను. నలుగురు నౌజవాన్లు బిస్మిల్లాహ్ అని కుర్చీని మనిషితో సహా ఎత్తుతారు. వాళ్ల నియ్యత్ మంచిదే. కానీ ఎక్కడ పట్టుకుంటారు? ఆర్మ్‌రెస్ట్ దగ్గర, ఫుట్‌రెస్ట్ దగ్గర. ఊడి చేతికి వచ్చేవి సరిగ్గా అవే. ఎత్తాల్సి వస్తే వెనక తోసే హ్యాండిళ్లు, ముందు కుర్చీ అసలు ఫ్రేమ్ పట్టుకోవాలి. ఊడే ముక్కల్ని ముందే తీసి ఒక సంచీలో వేసి, ఆ సంచీ ఒక్కరికే జిమ్మాగా అప్పగించాలి. నలుగురి చేతుల్లో నాలుగు ముక్కలుంటే వలీమా అయ్యేసరికి రెండే మిగులుతాయి.

ఇక అసలు మాటకి వస్తాను. మన ఇళ్లలో సలీఖాకి చాలా విలువ. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుండాలి, వచ్చినవాళ్లకి ఇల్లు చక్కగా కనబడాలి. మంచిదే. కానీ ఆ సలీఖా నడిచేవాళ్ల కొలతలతో తయారైంది. బీరువా పైన, తలుపు వెనక, అటక మీద అంటే నిలబడి చెయ్యి చాపగలిగేవాళ్లకి మాత్రమే "సర్ది ఉన్నట్టు". మంచం మీద కూర్చున్న మనిషి లెక్కలో ఆ వస్తువు ఇంట్లో లేనట్టే.

మా ఖాలా పెందుర్తి రైల్వే స్టేషన్‌కి అవతల వైపు రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటుంది. ఫాలిజ్ వచ్చి కుడివైపు పడిపోయింది. కుర్చీ ఉంది, మంచి కుర్చీయే. కోడలు చాలా శుభ్రమైన మనిషి. ఖాలా మంచం ఎక్కగానే ఫుట్‌రెస్టులు రెండూ తీసి, ఎవరి కాలికీ తగలకూడదని బీరువా పైన పెట్టేది. సాయంత్రాలు ఆమె దగ్గర్లో ట్యూషన్ చెప్పడానికి వెళ్తుంది. ఆ రెండు గంటలూ ఖాలా మంచం దిగలేదు. కొన్నాళ్లకి తెలిసిందేమిటంటే, ఖాలా అస్ర్ తర్వాత నీళ్లు తాగడమే మానేసింది. మధ్యలో బాత్రూమ్ అవసరం రాకూడదని. ఎవరికీ చెప్పలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది.

పరిష్కారం పదో తరగతి చదివే మనవరాలు చూపించింది. మంచం చెక్కకి ఎడమవైపు, ఖాలా మోచేతి ఎత్తులో రెండు కొక్కేలు బిగించారు. ఎడమవైపు ఎందుకంటే ఆమెకి పనిచేసే చెయ్యి అదే. ఫుట్‌రెస్టులు రెండూ అక్కడ వేలాడతాయి, ఏది ఎడమదో ఏది కుడిదో తెలిసేలా ఒకదానికి ఎర్ర రిబ్బన్ కట్టారు. పాత సల్వార్ గుడ్డతో కుట్టిన సంచీ ఒకటి ఆర్మ్‌రెస్ట్ కింద వేలాడుతుంది. అందులో పిక్కల పట్టీ, చిన్న టార్చి, చక్రాలు తుడిచే గుడ్డ. ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. ఇప్పుడు కోడలు ట్యూషన్‌కి వెళ్లినప్పుడు ఖాలా తన పని తాను చూసుకుంటుంది. కోడలు కూడా గడియారం చూసుకుంటూ పరుగెత్తుకు రావడం లేదు.

ఇది చిన్న విషయమా? మన బుజుర్గులు చేసుకునే దువా ఒకసారి గుర్తు చేసుకోండి. "యా అల్లాహ్, చల్తే హాథ్ పావ్ ఉఠా లే." కాళ్లూ చేతులూ ఆడుతుండగానే తీసుకుపొమ్మని అడుగుతారు. మౌత్ కంటే మొహతాజీకి ఎక్కువ భయపడుతున్నారని దాని అర్థం. ఎందుకు భయపడుతున్నారు? ప్రతి చిన్నదానికీ ఒకర్ని పిలవాలి, వాళ్లు పని మధ్యలో ఉంటారు, ఒకసారి విసుక్కుంటారు, ఆ విసుగు ఈ మనిషి గుండెలో దిగిపోతుంది. "మేమందరం ఉన్నాం కదా అమ్మీ, పిలిస్తే వస్తాం" అని బిడ్డలు అనడం మొహబ్బతే. కానీ ప్రతిసారీ పిలవాల్సి రావడంలోనే మొహతాజీ ఉంది. కొక్కెం బిగించడం కూడా ఖిద్మతే. కాకపోతే ఒకసారి చేస్తే రోజూ పనికొచ్చే ఖిద్మత్.

ఔరతుల విషయంలో ఇది ఇంకా నాజూకు. ఇంట్లో మగవాళ్లే ఉన్న వేళ, కాలకృత్యాలకి సాయం అడగలేక బిగబట్టుకుని కూర్చునే అమ్మీలు, నానీలు మన ఇళ్లలో తక్కువమంది కాదు. హయా గురించి ఇంత మాట్లాడతాం. ఆమె హయా నిలబడేది ఫుట్‌రెస్ట్, ఆర్మ్‌రెస్ట్, కమోడ్ గిన్నె ఆమె చేతికి అందే చోట ఉన్నప్పుడు. తహారత్ లేనిదే నమాజ్ లేదు, ఆ తహారత్ దారిలో మొదటి మెట్టు ఈ ముక్కలే.

అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ రజియల్లాహు అన్హు చూపులేని సహాబీ. సూరా అబసా ఆయన వాఖియా మీదే నాజిల్ అయింది. ఆయన మదీనాలో అజాన్ ఇచ్చిన ముఅజ్జిన్. రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం ప్రయాణాల్లో ఉన్నప్పుడు మదీనా బాధ్యత కూడా ఆయనకి అప్పగించిన సందర్భాలున్నాయి. ఆయనకి దక్కింది జాలి కాదు, జిమ్మేదారీ. మన ఇళ్లలో మాజూర్ మనిషికి పూర్తి ఆరామ్ ఇస్తాం. ఇఖ్తియార్ మాత్రం ఇవ్వం. తన కుర్చీ ముక్కలు తన దగ్గర ఉంచుకోవడం ఆ ఇఖ్తియార్‌లో అతి చిన్న భాగం.

రాత్రి మాట కూడా చెప్పుకోవాలి. 2020 మే 7 మనం మరిచిపోలేం. రంజాన్ నెల. తెల్లవారుజామున మూడు గంటల వేళ, మనలో చాలామంది సహరీకి లేస్తున్న సమయం. మనకి పక్కనే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురంలో కెమికల్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చీకట్లో జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు, కొందరు రోడ్ల మీదే పడిపోయారు. అంతకుముందు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖ అంతా రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపింది. మనం ఉండేది పోర్టు, ఉక్కు, రసాయనాల ఊళ్లో. అర్ధరాత్రి ఇల్లు వదలాల్సి రావడం మనకి ఊహ కాదు, చూసిన సంగతి. అలాంటి రాత్రి ఫుట్‌రెస్ట్ కోసం మంచం కింద వెతికే టైమ్ ఎవరికి ఉంటుంది? అది లేకుండానే తోసుకుపోతే చీకట్లో కాలు చక్రంలో పడుతుంది. కుర్చీ అక్కడే వదిలేసి మనిషిని ఎత్తుకుపోతే, ఆ తర్వాత పునరావాస కేంద్రంలో ఆ మనిషి ఎన్నాళ్లు నేల మీద పడి ఉండాలి? అందుకే రాత్రి పడుకునే ముందు కుర్చీ పూర్తిగా బిగించి, బ్రేకులు వేసి, మంచం పక్కన పెట్టడం ఇషా తర్వాత ఇంటి ఆదత్ కావాలి. తీసి ఉంచాల్సినవి ఉంటే చేతికందే కొక్కేనికి ఉండాలి.

ఇప్పుడు కుర్చీలు అరువిచ్చే మస్జిద్ కమిటీలకి, జమాతులకి ఒక గుజారిష్. ఖురాన్‌లో 107వ సూరా పేరే మాఊన్. ఇరుగుపొరుగుకి చిన్న చిన్న వాడుక వస్తువులు కూడా ఇవ్వకుండా ఆపేవాళ్ల గురించి అందులో గట్టి హెచ్చరిక ఉంది. మాఊన్ అంటే ఏమిటో చెబుతూ ముఫస్సిర్లు గిన్నె, బొక్కెన, గొడ్డలి లాంటివి ఉదాహరణగా చూపించారు. మరి గొడ్డలి ఇచ్చి దాని కర్ర ఇవ్వకపోతే ఇచ్చినట్టా? ఫుట్‌రెస్టుల్లేని కుర్చీ అలాంటిదే. తీసుకున్నవాళ్లకి కూడా ఇదే మాట. అమానత్ అంటే కుర్చీ ఫ్రేమ్ ఒక్కటే కాదు. సూరా నిసా 58వ ఆయత్‌లో అమానతుల్ని హక్కుదారులకి అప్పగించమన్న హుకుం ఉంది. ఎడమ ఫుట్‌రెస్ట్ మీ ఇంటి అటక మీద మిగిలిపోతే ఆ హుకుం పూర్తి కానట్టే. దాని తర్వాతి హక్కుదారు మీ పక్క వీధిలో కాలు ఈడ్చుకుంటూ కూర్చున్నాడు.

పని కష్టం కాదు. ప్రతి కుర్చీకి ఒక నంబరు ఇవ్వండి. అదే నంబరు దాని ప్రతి ముక్క మీదా పెయింటుతో వేయండి. ఒక కుర్చీ ఫుట్‌రెస్ట్ ఇంకో కంపెనీ కుర్చీకి చాలాసార్లు పట్టదు, ఎడమది కుడివైపు అసలు పట్టదు. అందుకని ఈ నంబరు చాలా పనికొస్తుంది. రిజిస్టర్‌లో "కుర్చీ ఒకటి" అని రాసి ఊరుకోకండి. ఫుట్‌రెస్టులు రెండు, ఆర్మ్‌రెస్టులు రెండు, కుషన్ ఒకటి, బెల్టు ఒకటి, పానా ఒకటి అని విడివిడిగా రాయండి. ఇచ్చేటప్పుడు ఒక ఫొటో తీయండి, తిరిగి తీసుకునేటప్పుడు ఆ ఫొటోతో సరిచూడండి. కుర్చీ ఇంటికి చేర్చిన కుర్రాడు ఐదు నిమిషాలు ఆగి, కూర్చునే మనిషి చేతే ప్రతి ముక్కా ఒకసారి తీయించి, పెట్టించాలి. ఆ మనిషి చెయ్యి ఎక్కడిదాకా వస్తుందో చూసి, అక్కడ కొక్కెం బిగించి రావాలి. కుర్చీతో పాటు రెండు కొక్కేలు, ఒక గుడ్డ సంచీ ఇవ్వడానికి ఏ కమిటీకీ బడ్జెట్ తక్కువ కాదు.

సర్కారు కుర్చీల విషయమూ చూద్దాం. మాజూర్లకి పరికరాలిచ్చే కేంద్ర పథకం అడిప్ 1981 నుంచి నడుస్తోంది. అరవై దాటిన పేద బుజుర్గులకి వీల్‌చెయిర్, చేతికర్ర, వినికిడి యంత్రం లాంటివి ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. కాన్పూర్‌లోని అలిమ్కో సంస్థ దీన్ని అమలు చేస్తుంది, ఇచ్చిన పరికరానికి ఏడాది పాటు ఉచితంగా మరమ్మతు ఉంటుంది. ఆ ఏడాది లోపే ఊడిన, విరిగిన ముక్కల గురించి అడగండి, అది మీ హక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీల్‌చెయిర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కుర్చీ అందించే పనిని ఎనిమిది దశలుగా చెప్పింది. ఒంటికి సరిపడేలా అమర్చడం, వాడటం నేర్పించడం, తర్వాత మరమ్మతు చూడటం అందులో దశలు. మన దగ్గర సభల్లో వరసగా కుర్చీలు పెట్టి, దండలేసి, ఫొటో తీసి పంపించేస్తారు. ఫొటో తర్వాత చేయాల్సిన పనులన్నీ ఇంటివాళ్ల మీద పడతాయి. అందుకే ఇంటివాళ్లకి ఈ మాటలు రాస్తున్నాను.

ప్రయాణాలకి కూడా ఇదే ఉసూల్. రైలు తలుపులో పట్టడానికి ఫుట్‌రెస్ట్ తీస్తాం, బెర్త్ కింద పెడతాం, దిగే హడావుడిలో మరిచిపోతాం. ఉమ్రాకి వెళ్లేవాళ్లు విమానం తలుపు దగ్గర కుర్చీ అప్పగించేటప్పుడు ఊడే ముక్కలన్నీ తీసి, సిబ్బందికి చెప్పి, కుషన్‌తో సహా తమతోనే లోపలికి తీసుకెళ్లడం మేలు. సామాన్ల గదిలో ముందు ఊడిపోయేవి అవే. అక్కడ హరమ్ షరీఫ్‌లో తవాఫ్, సయీ చేయాల్సిన మనిషికి ఫుట్‌రెస్ట్ లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒక ఎతరాజ్ నిజమైనదే. చిన్న గదుల్లో కొక్కేలకి వేలాడే ఇనుప ముక్కలు పిల్లల తలకి తగలొచ్చు, చూడటానికి బాగోకపోవచ్చు. పిల్లలు తిరిగే ఇంట్లో కొక్కేనికి బదులు మంచం చెక్కకి గుడ్డ జేబు కుట్టి తగిలించండి, ఫుట్‌రెస్ట్ అందులో దూరుతుంది. చూడటానికి బాగోదన్న మాటకి మాత్రం నా దగ్గర ఒకటే జవాబు. ఇంట్లో వీల్‌చెయిర్ ఉందన్న సంగతి దాచాల్సిన విషయం కాదు. దాని ముక్కల్ని దాచితే, ఆ మనిషిని కూడా గదిలో దాచినట్టే అవుతుంది.

ఈ జుమా తర్వాత ఇంటికి వెళ్లి ఒక పని చేయండి. మీ ఇంట్లో కుర్చీ వాడే మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, "మీకేమేం అందుతున్నాయి?" అని అడగండి. మీరు చూపించకండి, వాళ్లనే చెయ్యి చాపనివ్వండి. ఆ చెయ్యి ఆగిన చోట ఒక గుర్తు పెట్టండి. కొక్కెం బిగించాల్సింది అక్కడే.

అల్లాహ్ మన బుజుర్గులకి, మాజూర్లకి ఇజ్జత్‌తో బతికే ఆసానీ ఇవ్వాలి. అది చేసిపెట్టే తౌఫీఖ్ మనకి ఇవ్వాలి. ఆమీన్.